రోటే దీవిలో మన తాటిచెట్టు

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకి బడి జ్ఞాపకాలు రాయమన్నారు. వేపచెట్టుకి కట్టిన ఇనప గంట గురించి, లెక్కల మాస్టారి బెత్తం గురించి మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. నేను బడి వెనకాల తాటితోపు దగ్గర మొదలుపెట్టి ఇండోనేషియా దక్షిణపు కొసకి వెళ్ళిపోతాను. ఇంటర్వెల్‌లో తేగలు నమిలి ఆ పీచు బెంచీల కింద పడేసిన బ్యాచ్ మనది కాబట్టి, అక్కడి సంగతి చెప్పడం సులువు.

ఆ దీవి పేరు రోటే. జనం కాపురముండే దీవుల్లో ఇండోనేషియాకి దక్షిణాన అదే ఆఖరిది, ఆపైన ఆస్ట్రేలియా వైపు సముద్రమే. తిమోర్ దీవి పడమటి చివరన ఉన్న కూపాంగ్ నగరం పక్క బొలోక్ రేవులో ఫెర్రీ ఎక్కితే నాలుగు గంటలకి పంతాయ్ బారు రేవు వస్తుంది. మధ్యలో దాటాల్సిన పుకుఅఫు జలసంధిలో ప్రవాహాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి. జనవరి, ఫిబ్రవరిలో పడమటి గాలి లేచిందంటే ఫెర్రీలు రోజుల తరబడి కదలవు. వాన డిసెంబరు నుంచి మార్చి దాకానే. జొన్న, మొక్కజొన్న, వరి, వేరుశనగ ఆ నాలుగు నెలల్లోనే పండాలి. తర్వాత ఎనిమిది నెలలు ఎండ, సున్నపురాయి నేల.

ఆ ఎనిమిది నెలలూ ఊరిని పోషించేది తాటిచెట్టు. మన తాడే, వేరే రకం కాదు. వాళ్ళు లొంతార్ అంటారు. జావా భాషలో రోన్ అంటే ఆకు, తాల్ అంటే మన తాళమే, అంటే తాళపత్రం. రోన్‌తాల్ అన్న ఆకు పేరే అక్షరాలు తారుమారై, లొంతార్ అని చెట్టు పేరైంది. మన దగ్గర తాడి గీశారంటే కల్లు గుర్తొస్తుంది. రోటేలో గీసేది తిండి కోసం. రోటే వాళ్ళు తినరు, తాగుతారని చుట్టుపక్కల దీవుల వాళ్ళు వేళాకోళం చేస్తారు. అందులో నిజం ఉంది. నీరాని, అంటే గెల నుంచి దిగే పులవని తీపి రసాన్ని, కాచి చేసిన పాకంలో నాలుగైదింతలు నీళ్ళు కలుపుకుని తాగి పొలానికి వెళ్ళడం అక్కడ మామూలు సంగతి.

గీత మన గీతలాంటిదే. పోతుతాడు, పండుతాడు రెండూ గీస్తారు. లేత గెలని రెండు కర్రల పటకారులో పెట్టి రోజూ కొంచెం కొంచెంగా, కొన్నాళ్ళ పాటు నొక్కుతారు. గట్టిగా నొక్కితే లోపలి కండ నలిగి గెల నల్లబడుతుంది, మెత్తగా నొక్కితే రసం దిగదు. ఆ ఒత్తిడి ఎంతన్నది చేతికి తెలియాల్సిందే, కొలత లేదు. రసం మొదలయ్యాక పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కి కొస మీద కాగితం మందాన ఒక పొర కోయాలి. రెండు రోజులు ఎక్కకపోతే కోత మానిపోయి రసం ఆగిపోతుంది, మళ్ళీ నొక్కుడు నుంచి మొదలు. మంచి చెట్టు రోజుకి నాలుగైదు లీటర్లు ఇస్తుంది. వానలు తగ్గాక ఏప్రిల్, మే నెలల్లో ఒక విడత గీస్తారు. అసలు పంట మాత్రం సెప్టెంబరు నుంచి తొలకరి దాకా. వాన పడితే రసం పలచనవుతుంది, కాండం జారుతుంది, గీత ఆగిపోతుంది.

చెట్టు మీద లొట్టి ఉండదు, హాయిక్ ఉంటుంది. తాటాకుతోనే చేసిన బుంగ అది. పూర్తిగా విచ్చుకోని ఆకు కోసి కాస్త వడలనిచ్చి, మడతలు చీలకుండా రెండు వైపులా కుచ్చిళ్ళు పెట్టినట్టు దగ్గరికి లాగి కట్టి, మట్ట చీలికతో పిడి బిగిస్తారు. కుట్టు లేదు, జిగురు లేదు. వాడకుండా ఎండలో వదిలేస్తే మాత్రం మడత దగ్గర పగిలి కారుతుంది. ఇదే పనితనంతో పెద్ద ఆకుని గిన్నెలా వంచి, నడుమ వెదురు గొట్టం నిలబెట్టి, చుట్టూ తీగలు బిగిస్తే ససాండో అనే వాద్యం. 1992 నాటి ఇండోనేషియా 5000 రుపియా నోటు మీద దాని బొమ్మ ఉండేది.

నీరా దింపిన కొద్ది గంటల్లోనే పులుపు ఎక్కడం మొదలవుతుంది కాబట్టి పొయ్యి వెలుగుతూనే ఉండాలి. నేలలో పొడుగ్గా గుంట తవ్వి, పైన మట్టితో మూసి, కుండలు కూర్చునేలా వరసగా కన్నాలు పెడతారు. ఒక కొసన మంట పెడితే వేడి కుండ కిందనుంచి కుండ కిందికి పాకుతుంది. వెనక కుండలో కాగిన రసాన్ని ముందు కుండలోకి మారుస్తూ పోతారు. ఐదు లీటర్లకి సుమారు ఒక లీటరు పాకం దిగుతుంది. దాన్నే గూలా ఆయిర్ అంటారు, అంటే నీళ్ళ బెల్లం. పలచగా ఉండగా దించితే డబ్బాలో పొంగి పులుస్తుంది, చిక్కగా కాస్తే నెలల తరబడి నిలుస్తుంది. ఇంకా కాచి తాటాకు చుట్టల్లో పోస్తే గూలా లెంపెంగ్, బిళ్ళ బెల్లం. పులిసిన రసంతో బిళ్ళ కట్టదు, ఎంత కాచినా జిగురుగానే ఉంటుంది. దాన్ని సోపీ సారాకి పంపుతారు.

చిక్కంతా కట్టెలది. ఇరవై లీటర్ల నీరాలో పదహారు లీటర్ల నీళ్ళు ఆవిరి కావాలి. ఎంత ఒబ్బిడిగా మండించినా పది పదిహేను కిలోల కట్టెలు పోతాయి. ఎండు మట్టలూ ఆకులూ కొంత ఆదుకుంటాయి, మిగతాది అడవి మీద పడుతుంది. ఇక్కడే రోటే బిడ్డ ఒకాయన గుర్తొస్తారు. హెర్మన్ యోహానెస్, 1912లో ఈ దీవిలోని కేకా ఊళ్ళో పుట్టారు. కూపాంగ్, మకస్సార్ మీదుగా బండుంగ్ ఇంజనీరింగ్ కాలేజీకి చేరారు. స్వాతంత్ర్య పోరాటంలో ఆయుధాల ప్రయోగశాల నడిపారు, మంత్రి అయ్యారు, 1961 నుంచి 1966 దాకా యోగ్యకర్తలోని గజ మద విశ్వవిద్యాలయం రెక్టర్‌గా ఉన్నారు. పంట వ్యర్థాలతో ఇంధనం, కట్టె ఆదా చేసే పొయ్యి వంటి వాటి మీద పరిశోధన చేశారు. 2009లో ఆయన్ని జాతీయ వీరుడిగా ప్రకటించారు. పొయ్యి ముందు కూర్చున్న ఊళ్ళో పుట్టి పొయ్యినే పట్టుకోవడం నాకు భలే నచ్చింది.

నగదు వచ్చింది సముద్రపు నాచుతో. లోతు తక్కువ నీళ్ళలో గుంజలు పాతి నైలాన్ తాళ్ళు కట్టి, యాభై నుంచి వంద గ్రాముల మొక్కని జానెడుకొకటిగా ముడివేస్తారు. తేలడానికి ఖాళీ నీళ్ళ సీసాలు. నలభై, నలభై ఐదు రోజులకి కోత. పచ్చి నాచు ఏడెనిమిది కిలోలు ఎండితే ఒక కిలో. నీళ్ళు బాగా వేడెక్కినా, వాన నీరు కలిసి ఉప్పు తగ్గినా కొమ్మలు తెల్లబడి విరిగిపోతాయి, దానికి ఐస్ ఐస్ అని పేరు. అప్పుడు మంచి కొమ్మలు తెంపి వేరేచోట కట్టుకోవాలి. ఆలస్యం చేస్తే విత్తనం కూడా మిగలదు.

2009 ఆగస్టు 21న తిమోర్ సముద్రంలో ఆస్ట్రేలియా వైపున్న మొంటారా చమురు బావి పగిలి 74 రోజులు కారింది. ఈ తీరంలో నాచు తోటలు చచ్చిపోయాయి. రోటే, కూపాంగ్ రైతులు పదిహేను వేల మందికి పైగా ఆస్ట్రేలియా కోర్టుకెక్కారు. 2021లో తీర్పు వారి వైపు వచ్చింది, 2022లో 19 కోట్ల 25 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకి రాజీ కుదిరింది. పదమూడేళ్ళు. తీర్పు వచ్చిన మరుసటి నెలే, 2021 ఏప్రిల్‌లో, సెరోజా తుపాను విరుచుకుపడింది.

బయటివాళ్ళు వేసే లెక్కల్లో ఒక సంగతి జారిపోతుంది. గీత ఎండాకాలంలోనే, నాచు కోత, ఎండబెట్టడం ఎండాకాలంలోనే. నెంబ్రాలా తీరానికి అలల మీద స్వారీకి విదేశీయులు వచ్చేదీ ఏప్రిల్ నుంచి అక్టోబరు లోపే. మూడు ఆదాయాలూ ఒకే నెలల్లో అవే రెండు చేతుల్ని అడుగుతాయి. రోజుకి రెండుసార్లు పాతిక చెట్లెక్కే కుర్రాడికి పడవ నడిపితే సాయంత్రానికి డబ్బు చేతికొస్తుందని తెలిశాక చెట్టు దిగిపోతాడు. పడితే నడుం విరుగుతుంది, ఎక్కకపోతే తిట్లే కదా అనుకుంటాడు. నేనైనా అలాగే చేస్తాను. వానాకాలంలో మాత్రం పొలం తప్ప వేరే పని లేదు, ఫెర్రీ కూడా లేదు.

చదువు రోటేకి కొత్త కాదు. 18వ శతాబ్దంలోనే అక్కడ మలయ్ భాషలో బడులు నడిచాయి. ఇప్పుడు కాలేజీ అంటే కూపాంగ్‌లోని నూసా చెందానా విశ్వవిద్యాలయం, 1962 నాటిది. వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చి గీతకత్తి పట్టేవాళ్ళు తక్కువ. 2014 నాటి గ్రామ చట్టం తర్వాత కేంద్రం నుంచి ఊరికి నేరుగా నిధులు వస్తున్నాయి. ఆ డబ్బుతో అందరికీ కలిపి ఒక మంచి పొయ్యి కట్టుకుంటే కట్టె సగానికి తగ్గుతుందని నా లెక్క. కానీ ఎక్కే మనిషిని ఏ నిధీ కొనిపెట్టదు.

విత్తు నాటిన పదిహేను, ఇరవై ఏళ్ళకి గానీ తాడి గీతకి రాదు. ఇప్పుడు గీస్తున్నవి తాతలనాటి చెట్లు. ఎక్కడం మానేసిన చెట్టుకి ఎండిన ఆకులు నరికేవాళ్ళుండరు, అవి రాలకుండా కాండం చుట్టూ లంగాలా వేలాడతాయి. రోడ్డు మీద మోటార్ సైకిల్ ఆపి చూస్తే, ఏ తోపులో ఎన్నింటికి మనిషి ఎక్కుతున్నాడో దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. నున్నగా ఉన్నవి ఒక పక్క, లంగాలు కట్టినవి ఒక పక్క.