ఫుల్ హెచ్‌డీ అని అమ్మిన ట్యాబ్లెట్‌ను వెనక్కి తీసుకునేలా చేశాను

నిన్న సాయంత్రం డబ్బు నా ఖాతాలో పడింది. కోపం మాత్రం చల్లారలేదు. పిల్లల చదువు కోసం తక్కువ ధరలో ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్ కొనాలనుకునేవాళ్లు ఇది చదివి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది, ఎంపీసీ, తెలుగు మాధ్యమం. పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు, పాత ప్రశ్నపత్రాలు ఫోనులో చదివి కళ్లు మండుతున్నాయంటే పన్నెండు వేల లోపు ట్యాబ్లెట్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. 10.1 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర, 8 జీబీ ర్యామ్ అని పేజీలో రాసి ఉంది. పార్సిల్ చెప్పిన రోజుకే వచ్చింది.

విజయవాడలో నాది డీటీపీ, ప్రింటింగ్ పని. అక్షరం ఎక్కడ చెదిరినా నా కన్ను ముందు అక్కడికే పోతుంది. ట్యాబ్లెట్‌లో భౌతికశాస్త్రం పేజీ తెరవగానే ఒత్తులన్నీ అలికేసినట్టు కనిపించాయి. ‘సూక్ష్మ’లో మ ఒత్తు నల్లటి మచ్చ. ‘ప’కీ ‘ష’కీ తేడా తెలియాలంటే పేజీని పెద్దది చేసుకోవాలి. ‘ఈ ధరకు అంతే ఉంటుంది బావా’ అన్నాడు మా బావమరిది. ఈ మాట ఎవరు అన్నా నాకు ఒళ్లు మండుతుంది. తక్కువ ధరకు తక్కువ వస్తువు ఇస్తే ఇవ్వండి. ఏది ఇస్తున్నారో మాత్రం నిజం చెప్పండి.

నిజం తేల్చడానికి ఏ యాప్ అక్కర్లేదు. స్క్రీన్‌షాట్ తీసి, గ్యాలరీలో దాని వివరాలు చూడండి. నాకు 1280 × 800 అని వచ్చింది. అంటే తెర పొడవునా 1280 చుక్కలు (పిక్సెళ్లు), వెడల్పునా 800. దీన్నే రిజల్యూషన్ అంటారు. ఫుల్ హెచ్‌డీ అంటే 1920 × 1080. ఇదే సైజులో మంచి ట్యాబ్లెట్లకు 1920 × 1200 ఉంటుంది. ఏ4 పేజీని నిలువుగా తెర నిండా పెడితే, 800 పిక్సెళ్ల వెడల్పులో 12 పాయింట్ల సైజు అక్షరానికి దక్కేది సుమారు 16 పిక్సెళ్ల ఎత్తు. 1200 వెడల్పులో అదే అక్షరానికి 24 వస్తాయి. ఇంగ్లీషు అక్షరం 16లో ఎలాగో నిలబడుతుంది. మన అక్షరానికి ఆ ఎత్తులోనే పైన గుడి, కింద ఒత్తు, దాని కింద ఇంకో ఒత్తు పట్టాలి. తెలుగులో చదివే పిల్లలకు తెర విషయంలో రాజీ పడకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

ర్యామ్ సంగతీ అంతే. అసలు ఉన్నది 4 జీబీ. మిగతా 4 స్టోరేజీలోంచి అరువు తెచ్చుకున్నది. స్టోరేజీ ర్యామ్ అంత వేగంగా పనిచేయదు కాబట్టి ఆ రెండో నాలుగును లెక్కలో వేయకండి.

వెనక్కి తీసుకోమని అడిగితే, ముందు టెక్నీషియన్ వచ్చి చూడాలన్నారు. అతను మా షాపుకే వచ్చాడు. పెళ్లికార్డుల ప్రూఫు కోసం వచ్చినవాళ్లు ఎదురుగా కూర్చుని ఉన్నారు. నేను స్క్రీన్‌షాట్ చూపించాను. అతను తన ఫోనులోంచి 1080 వీడియో ఒకటి ట్యాబ్లెట్‌లోకి పంపి, ఆడించి, ‘చూడండి సార్, ఫుల్ హెచ్‌డీ ఆడుతోంది కదా’ అన్నాడు. వీడియో ఆడటం వేరు, దాన్ని అన్ని చుక్కల్లో చూపించడం వేరు. తక్కువ చుక్కలున్న తెర కూడా పెద్ద వీడియోను కుదించి ఆడిస్తుంది. ఆ మాటే చెప్పాను, వినలేదు.

అప్పుడు కంప్యూటర్ దగ్గర కూర్చుని 1920 × 1200 సైజులో ఒక బొమ్మ తయారు చేశాను. ఒక పిక్సెల్ నలుపు, ఒక పిక్సెల్ తెలుపు, మొత్తం నిలువు గీతలే. దాన్ని ట్యాబ్లెట్‌లో తెర నిండా తెరిచి, ప్రింటింగ్ ప్లేట్ల మీద చుక్కలు చూసే భూతద్దం దాని మీద పెట్టాను. సరైన తెర అయితే ప్రతి గీతా విడివిడిగా కనపడాలి. ఇక్కడ గీతలు కలిసిపోయి బూడిద రంగు పట్టీలు తేలాయి. పెళ్లికార్డులవాళ్లు కూడా వంగి చూశారు. ఆ కుర్రాడు మాత్రం భూతద్దంలోకి చూడనే లేదు. ‘నా యాప్‌లో రిజల్యూషన్ అన్న గడే లేదు సార్. ఆన్ అవుతోందా, టచ్, స్పీకరు, చార్జింగ్... ఇవే ఉన్నాయి. అయినా పన్నెండు వేలకు ఇంకేం వస్తుంది? అంత కావాలంటే యాభై వేలు పెట్టి కొనుక్కోవాలి’ అన్నాడు, అందరూ వింటుండగా. అతను మెట్లు దిగేలోపే నా ఫోనుకు సందేశం వచ్చింది: మీ సమస్య పరిష్కరించాం.

అతని చేతిలో ఏముంది పాపం అని మా ఆవిడ అంది. నేను ఒప్పుకోను. గడి లేకపోతే లేదని రాసి పంపొచ్చు, సమస్య పరిష్కరించామని రాయకూడదు. నా పని గురించి నా షాపులో నా ఖాతాదారుల ముందు నాకే పాఠం చెప్పి వెళ్లాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కస్టమర్ కేర్ చాట్‌తో కాలం వృథా. మాట్లాడినప్పుడల్లా కొత్త మనిషి, మళ్లీ మొదటి నుంచి కథ. రాతపూర్వకంగా వెళ్లండి. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, 2020 ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. అమ్మకపు వేదికకు ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈ మాటలన్నీ రాసి, స్క్రీన్‌షాటు, భూతద్దం కింద తీసిన ఫొటో, ఆర్డర్ పెట్టిన రోజే పీడీఎఫ్‌గా దాచుకున్న అమ్మకం పేజీ జతచేసి ఆ అధికారికి పంపాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ నమోదు చేశాను. అప్పటిదాకా నిబంధనలు ఒప్పుకోవన్నవాళ్లు తామే ఫోను చేసి ‘అండీ’ అనడం మొదలుపెట్టారు. డబ్బు పూర్తిగా వచ్చింది.

ఈసారి ఏలూరు రోడ్డులో ఒక షాపులో కొన్నాను. బిల్లు వేయకముందే స్క్రీన్‌షాట్ తీసుకోనిచ్చాడు: 1920 × 1200. పెట్టె వెనక ఆర్‌తో మొదలయ్యే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూశాను, కంపెనీ పేరు సరిపోయింది. సినిమాలు చూసే ఇల్లయితే వైడ్‌వైన్ (సినిమాలు కాపీ కాకుండా యాప్‌లు వాడే రక్షణ ఏర్పాటు) ఎల్1 స్థాయిలో ఉందో లేదో అడగండి. ఎల్3 అయితే చాలా సినిమా యాప్‌లు తక్కువ నాణ్యతతోనే చూపిస్తాయి. మాకు ఆ అవసరం లేదు. మొదటిదాని కన్నా పద్నాలుగు వందలు ఎక్కువైంది, ఒత్తులు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

అమ్మకం పేజీని పీడీఎఫ్‌గా దాచుకోవడం మాత్రం మరవకండి. నేను ఫిర్యాదు చేశాక వాళ్లు ఆ పేజీలో ‘ఫుల్ హెచ్‌డీ తెర’ తీసేసి ‘ఫుల్ హెచ్‌డీ వీడియో సదుపాయం’ అని మార్చారు. పాత పేజీ నా దగ్గర లేకపోతే ఆ డబ్బు తిరిగి వచ్చేది కాదు.