కసిరే మావయ్య, కాంట్ గారు

ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో బ్యాంకు ఎదురుగా చెట్టు కింద ఒక మావయ్య కూర్చుంటాడు. మావయ్యంటే చుట్టమేం కాదు, వీధి వరస. గుమస్తాగా చేసి రిటైరయ్యాడు, పొద్దున్న పదింటికి కుర్చీ వేసుకున్నాడంటే మధ్యాహ్నం భోజనం వేళ దాకా ఫారాలు నింపుతూనే ఉంటాడు, కొండ దిగొచ్చిన సవర గిరిజనులకి, పింఛను కోసం వచ్చిన మన తెలుగు ముసలమ్మలకి, ఎవరికైనా సరే, పైసా తీసుకోడు. మన పెద్దోళ్లకి ఒడియా మాట్లాడ్డం వచ్చు గానీ చదవడం ఎక్కడొచ్చు.

కానీ నవ్వి మాట్లాడితే ఒట్టు. "పోయిన్నెల చెప్పలేదేటి" అని కసురుతాడు. దండం పెడితే "లెగు, వెనకోళ్లున్నారు" అంటాడు. అందుకే నాకు ఆయనంటే పెద్ద గౌరవం ఉండేది కాదు, నిజం చెప్తున్నా.

మొన్న జర్మన్ తత్వవేత్త కాంట్ నీతి గురించి 1785లో రాసిన 'గ్రౌండ్‌వర్క్' అనే పుస్తకం చదువుతుంటే ఈయనే కళ్లముందు కూర్చున్నాడు. అందులో ఒక మనిషి సంగతుంటుంది, స్వతహాగా జాలి తక్కువ, ఎదుటోడి కష్టానికి కరిగే రకం కాదు, అయినా చెయ్యాలి కాబట్టి చేస్తాడు. జాలిపడి చేసేవాణ్ణి మెచ్చుకోండి, కానీ అసలు నైతిక విలువ వీడి దగ్గరే తేలుతుందంటాడు కాంట్. సొంత దుఃఖంలో మునిగిపోయి ఎవరి మీదా మనసు పోని వేళ కూడా సాయం చేసేవాడి గురించి చెప్తాడు కదా, అక్కడ పుస్తకం మూసేశాను.

ఎందుకంటే 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాని ఊడ్చేసినప్పుడు అత్తయ్య పోయి నెల కూడా కాలేదు. మేం కుర్రాళ్లం టార్పాలిన్లు పంచి ఫోటోలు దిగి వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాం, ఎంతమంది చూశారో నేను లెక్క చూసుకున్నాను కూడా. మావయ్య గడ్డం కూడా గీసుకోకుండా ఇళ్లు పడిపోయినోళ్ల దరఖాస్తులు రాస్తూ కూర్చున్నాడు, ఎప్పట్లాగే కసురుతూ.

ఇంకోటి. ఎంత లైనున్నా ఫారంలో ఏం రాశాడో మొత్తం చదివి చెప్పకుండా వేలిముద్ర వెయ్యనివ్వడు. తెలుగులోనో, వచ్చీరాని సవరలోనో చెప్తాడు. మనిషిని ఎప్పుడూ ఒట్టి పనిముట్టులా వాడకూడదని కాంట్ అన్నది నాకు పుస్తకంలో కంటే ఆ ఇంకుప్యాడ్ దగ్గరే బాగా అర్థమైంది, ఎందుకంటే మిగతా చోట్ల వేలు పట్టుకుని వాళ్లే నొక్కేస్తారు.

అలాగని కాంట్‌తో నాకు పూర్తిగా పడదు, ఒక మంచిమాట అంటే ఆ ముసలమ్మలకి ఇంకాస్త హాయి కదా. మా అమ్మని అడిగితే "నవ్వుతూ డబ్బులు గుంజేవోళ్లని చూశాం, ఈయనే నయం" అంది.

నిన్న నాయనమ్మ ఫారం పట్టుకెళ్లాను. తెలిసినోణ్ణి కదా అని ముందుకెళ్తే వెనక్కి పంపించాడు, గంట నిలబడ్డాను. నా వంతొచ్చాక ఉండబట్టలేక "మావయ్యా, మీలాంటోళ్ల గురించి జర్మనీలో ఒకాయన ఎప్పుడో రాశాడు" అన్నాను.

"ఆధార్ వెనకవైపు జెరాక్స్ ఏదిరా?" అన్నాడు.