వంద గ్రాముల చేప: సింగపూర్‌లో ఇటాలియన్ డిన్నర్, నా అనుభవం

నిన్న రాత్రి బిల్లు ఇంకా జేబులోనే ఉంది. వేడి మీదే రాసేస్తున్నా.

మేం ఏడుగురం. ఒకాయన ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్లిపోతున్నారు, ఆయనకి వీడ్కోలు విందు. లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనాలు చాలాసార్లు అయ్యాయి కాబట్టి ఈసారి యూరోపియన్ అన్నారు. చోటు వెతికే పని నా నెత్తిన పడింది. ఆయన వాటా మిగతా ఆరుగురం పంచుకుంటే తలకి 50, మొత్తం 300 డాలర్లు. ఇక్కడ రాసే డాలర్లన్నీ సింగపూర్ డాలర్లే. నలుగురు శాకాహారులు, వాళ్లలో ఒకావిడ గుడ్డు కూడా ముట్టదు. మిగతా ముగ్గురం అన్నీ తింటాం, బీఫ్ తప్ప.

ముందు లెక్క. సింగపూర్ రెస్టారెంట్ మెనూలో 24++ అని ఉంటే అది 24 కాదు. మొదటి ప్లస్ 10 శాతం సర్వీస్ ఛార్జీ. రెండోది జీఎస్టీ, 2024 జనవరి 1 నుంచి 9 శాతం. రెండూ కలిపితే 19 కాదు. సర్వీస్ ఛార్జీ మీద కూడా జీఎస్టీ పడుతుంది కాబట్టి 19.9. మామూలు దుకాణాల్లో జీఎస్టీ కలిపిన ధరే రాయాలి. సర్వీస్ ఛార్జీ వేసే హోటళ్లకి, రెస్టారెంట్లకి మాత్రం విడిగా రాసుకునే వెసులుబాటు ఉంది. అందుకే చేతిలో ఉన్న డబ్బుని 1.2తో భాగించి, ఆ అంకెతోనే మెనూ చూడాలి. మా 300 అంటే మెనూ ధరల్లో 250. టిప్పు ఇవ్వక్కర్లేదు, ఇక్కడ ఆ అలవాటు లేదు.

ఇంకో మాట. మ్యాప్‌లో జనం పెట్టిన మెనూ ఫోటోలు నమ్మకండి. తేదీ చూస్తే 2022 అని ఉంటుంది, అప్పటికి జీఎస్టీ 7 శాతమే. రెస్టారెంట్ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న మెనూయే తీసుకోండి. వీడియోలు చేసేవాళ్ల సంగతి ఎత్తకపోవడమే మంచిది. ప్లేటుని నలభై కోణాల్లో తీస్తారు, బిల్లుని ఒక్క కోణంలో కూడా తీయరు.

ఏ దేశపు వంట అన్నది మనవాళ్లకి రుచి ప్రశ్న కాదు, శాకాహారుల ప్రశ్న. జర్మన్ చోట్ల పోర్క్ పక్కన పెడితే బంగాళాదుంప, ప్రెట్జెల్, చీజ్ కలిపిన గుడ్డు నూడుల్స్ మిగులుతాయి. ఫ్రెంచ్ వాళ్ల మూడు కోర్సుల సెట్ డిన్నర్ మాంసాహారులకి మంచి బేరమే కానీ వాళ్ల ఉల్లిపాయ సూప్‌ని సాధారణంగా బీఫ్ ఎముకల రసంతో చేస్తారు. పేరులో ఉల్లిపాయ తప్ప ఏమీ కనపడదు, మనం హాయిగా తాగేస్తాం. స్పానిష్ తాపాస్, అంటే చిన్న చిన్న ప్లేట్లు, చూడ్డానికి చవక, 12, 14 అని ఉంటాయి. వచ్చేది మాత్రం గుప్పెడు. ఏడుగురి ఆకలి తీరాలంటే ఇరవై ప్లేట్లు దాటతాయి. పాయెల్లా అనే అన్నం వంటకం చెబితే అరగంట పైనే కూర్చోవాలి, అందులో పోసేది ఎక్కువగా చేపల రసమో కోడి రసమో. తిరిగి తిరిగి ఇటాలియన్ దగ్గరే ఆగాల్సి వస్తుంది. అసలు చవక కావాలంటే హాకర్ సెంటర్లలో, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట్ల, 'వెస్టర్న్ ఫుడ్' దుకాణాలున్నాయి. హైనాన్ నుంచి వచ్చిన వంటవాళ్లు బ్రిటిష్ వాళ్ల ఇళ్లలో, ఓడల్లో నేర్చుకున్న చికెన్ చాప్ వంట అది, ప్లస్సుల గోల లేదు. కానీ వీడ్కోలు విందుకి ఏసీ లేని చోటికి తీసుకెళ్తే జన్మంతా దెప్పుతారు. పైగా అక్కడ శాకాహారులకి దక్కేది ఫ్రెంచ్ ఫ్రైస్.

పేట సంగతి ఒక్క ముక్క. బోట్ కీలో నది ఒడ్డున కూర్చుంటే నదికి కూడా డబ్బు కడతారు. డెంప్సీ హిల్ అందంగా ఉంటుంది కానీ ఎంఆర్‌టీ (ఇక్కడి మెట్రో రైలు) దిగి నడవాలి, లేదా ట్యాక్సీ. అర్ధరాత్రి దాటితే ట్యాక్సీ మీటరు మీద సగం అదనం. స్టేషన్ నుంచి అయిదు నిమిషాల నడకలో, రోడ్డుకి ఒక వీధి లోపల ఉన్నదాన్ని పట్టుకున్నా. పేరు రాయను.

తర్వాత ఫోన్. ఇక్కడ నేను కొంచెం గొప్ప చెప్పుకుంటా, ఎందుకంటే ఈ ఒక్క పనీ బాగా చేశా. బుకింగ్ యాప్‌లో 'వెజిటేరియన్ 4' అని రాసి వదిలేస్తే లాభం లేదు, మధ్యాహ్నం మూడింటికి, వంటగది ఖాళీగా ఉన్నప్పుడు, ఫోన్ చేసి వంటకం పేరు పెట్టి అడగాలి. "వెజిటేరియన్ ఉందా" అంటే ఎవరైనా ఉందనే అంటారు. "మష్రూమ్ రిసోట్టోలో ఏ రసం పోస్తారు" అంటే అప్పుడు లోపలికి వెళ్లి కనుక్కుని వస్తారు. రిసోట్టో అంటే రసంలో ఉడికించే ఇటాలియన్ అన్నం, అందులో పోసేది కోడి రసం అని తేలింది. ముందే చెబితే కూరగాయల రసంతో చేస్తామన్నారు. గుడ్డు తిననివాళ్లు 'ఫ్రెష్ పాస్తా' జోలికి వెళ్లకూడదు, అందులో సాధారణంగా గుడ్డు ఉంటుంది. ఎండు పాస్తా మామూలుగా గోధుమ రవ్వ, నీళ్లే. కాబట్టి పెన్నే అరాబియాటా, స్పగెట్టీ ఆల్యో ఓల్యో, రెండూ ఎండు పాస్తాతో అని చెప్పించుకున్నా. మొదటిది టమాటా, ఎండుమిర్చి. రెండోది వెల్లుల్లి, నూనె, మిర్చి. మన నాలుకకి పనికొచ్చేవి కూడా ఇవే. పుట్టనెస్కా పాస్తాలో, సీజర్ సలాడ్ డ్రెస్సింగులో ఆంచోవీ చేప ఉంటుంది. పిజ్జా మరినారా అంటే ఇటలీలో చీజ్ కూడా లేని టమాటా పిజ్జా, ఇక్కడ మెనూలో పాస్తా మరినారా అంటే చాలాచోట్ల రొయ్యలు, కవచాలతో సహా ఆల్చిప్పలు. స్వీట్లకొస్తే, పన్నా కోటాలో జెలటిన్, అంటే జంతువుల తోలు, ఎముకల నుంచి తీసేది. తిరమిసూలో గుడ్డు. పార్మిజానో రెజ్జానో చీజ్‌ని దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తోనే విరగ్గొట్టాలని దాని నియమం, అందుకే "పైన చీజ్ చల్లకండి" అని విడిగా చెప్పాలి. ఇది విని మా శాకాహారుల్లో ఇద్దరు "అంత లోతుకి వెళ్లకు" అన్నారు. సరే, వాళ్లిష్టం.

కేకు తెస్తే కోసినందుకు ఎంత, వైను తెస్తే సీసాకి ఎంత, టేబుల్ రెండు గంటలేనా, రాకపోతే కార్డు మీద తలకి ఎంత కోస్తారు, అన్నీ అడిగా. కేకు మానేశాం. వంద డాలర్ల వోచరు 85కి కొన్నా కానీ అది సెలవుకి ముందురోజు చెల్లదని అడుగున చీమ అక్షరాల్లో ఉంది, నిన్న సరిగ్గా ఆ రోజే. అది ఇంకా నా దగ్గరే మూలుగుతోంది.

ఇంత చేశాక బోల్తా పడింది ఎక్కడో చూడండి.

కూర్చోగానే కుర్రాడు వచ్చి "స్టిల్ ఆర్ స్పార్క్లింగ్?" అన్నాడు. అంటే సీసాలో మామూలు నీళ్లా, గ్యాసు నీళ్లా అని. ఆ ప్రశ్నలో ఊరికే వచ్చే నీళ్లు లేవని గమనించండి. మనవాళ్లెవరో "స్టిల్" అన్నారు. మూడు సీసాలు, ఒక్కోటి 9. సింగపూర్‌లో కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. కానీ ఊరికే ఇచ్చి తీరాలన్న నిబంధన రెస్టారెంట్లకి లేదు. "ట్యాప్ వాటర్" అని మీరే అనాలి, ఇస్తారో, కొద్దిగా డబ్బు తీసుకుని ఇస్తారో, లేదంటారో అప్పుడు తెలుస్తుంది. తర్వాత రెండు బుట్టల రొట్టె వచ్చింది, ఎవరూ అడగలేదు. పెళ్లి పందిట్లో విస్తరి వేశాక వడ్డించినట్టు పెట్టేసరికి మర్యాదే అనుకున్నాం. మర్యాద బుట్టకి 6.

మేం చెప్పినవి: పిజ్జాలు 22, 24, మూడు పాస్తాలు 24 చొప్పున (మూడోది రొయ్యలతో), సలాడ్ 16, రిసోట్టో 26. మొత్తం 160. స్వీట్లకి 36 పక్కన పెట్టా. మనసులో 196 దగ్గర ఆగా, 250కి ఇంకా 54 జాగా ఉంది. ప్లస్సులు వేసినా 235. ఛాతీ కొంచెం ఉబ్బింది, నిజం ఒప్పుకోవాలి.

సరిగ్గా అప్పుడు కుర్రాడు పలక లాంటి నల్ల బోర్డు తెచ్చి కుర్చీకి ఆనించాడు. ఈ రోజు స్పెషల్, ఉప్పులో కప్పి కాల్చిన మొత్తం సీ బాస్, అందరూ పంచుకోవచ్చు. పక్కన సుద్దతో 12. మాంసాహారులం ముగ్గురికీ ఒక్క రొయ్యల పాస్తానే కదా అని "తీసుకురండి" అన్నా. లోపలి నుంచి పచ్చి చేపని పళ్లెంలో తెచ్చి చూపించాడు. బాగుంది అన్నాం. ఫోటో కూడా తీశాం. చూపించడం ఎందుకో అప్పుడు తట్టలేదు. అది మనం ఒప్పుకున్నామని సంతకం పెట్టడం లాంటిది.

12 పక్కన మూలగా, చెరిగిన సుద్దలో, "/100 గ్రా." అని ఉంది.

చేప 900 గ్రాములు. పొట్ట శుభ్రం చేయకముందు తూకం అది. తొమ్మిది పన్నెండ్లు 108. ప్లస్సులతో 129 డాలర్ల 49 సెంట్లు. తల, ముల్లు, తోలు, పేగులు పోగా తినే కండ సగానికి లోపే, నాలుగు వందల గ్రాముల దగ్గర అనుకోండి. అంటే మేం తిన్న ప్రతి వంద గ్రాములూ 32 డాలర్లు దాటింది. సింగపూర్ మార్కెట్లో సీ బాస్ అని అమ్మేది ఎక్కువగా మన పండుగప్ప. ఇటాలియన్ చోట్ల పెట్టేది మధ్యధరా సముద్రపు వేరే జాతి. నా వరకు రుచిలో పండుగప్ప పులుసే పైన. తింటున్నప్పుడే అన్నా ఆ మాట, ధర తెలియకముందే.

బిల్లు 411 డాలర్ల 26 సెంట్లు. చేప 108, నీళ్లు 27, రొట్టె 12, మేం లెక్కపెట్టినవి 196, వెరసి 343, ఆపైన ప్లస్సులు. ఏదో తప్పు పడిందని పిలిచా. గొంతు కొంచెం పెరిగింది కూడా. కుర్రాడు ఏమీ వాదించలేదు. వెళ్లి ఆ నల్ల బోర్డునే ఎత్తుకొచ్చి, మా టేబుల్ దగ్గర అందరికీ కనపడేలా పట్టుకుని, వేలు పెట్టి ఆ మూల అక్షరాలు చూపించాడు. వెనక మేనేజరు కాటా చీటీ తెచ్చాడు, 0.900. పక్క టేబుల్ వాళ్లు ఫోర్కులు ఆపారు. ఇదంతా ఒక ఎత్తు, విందు ఎవరి కోసమో ఆయన పర్సు తీయడం ఒక ఎత్తు. "నేనూ తిన్నాగా" అంటున్నారు. ఆ చెయ్యి పట్టుకుని ఆపడానికి నేను పడ్డ పాట్లు ఆ 129 డాలర్ల కంటే బరువు.

నాకు తెలిసినంతలో వాళ్ల తప్పు లేదు, ధర రాశారు, చేప చూపించారు. కానీ ముగ్గురికి 900 గ్రాముల చేప ఎంచింది వాళ్లే, మొత్తం ఎంతవుతుందో చెప్పడం ఒక్కటే మానేశారు. చేప గానీ, స్టేక్ గానీ, పీత గానీ, బోర్డు మీద కనిపిస్తే ఒకే వాక్యం: "ఈ ముక్క మొత్తానికి ఎంత?" వండకముందు అడగాలి. ఉప్పు పగలగొట్టాక అడిగి లాభం లేదు. 'మార్కెట్ ప్రైస్' అని ఉన్నా ఇదే వాక్యం. అలాగే తినని రొట్టెని అప్పుడే తిప్పి పంపండి, ఒక్క ముక్క తుంచినా బుట్ట డబ్బులు మీరే కట్టాలి. భారత్ నుంచి వచ్చిన చుట్టాలు కార్డు ఇస్తుంటే, మెషీన్ రూపాయలా డాలర్లా అని అడుగుతుంది. డాలర్లే నొక్కాలి, రూపాయలు నొక్కితే మారకపు రేటు వాళ్లు చెప్పిందే.

వంట గురించి చెప్పాలంటే, ఆల్యో ఓల్యో చాలా బాగుంది, మిర్చి ఇంకొంచెం వేయించుకోండి. రిసోట్టోకి కూరగాయల రసమే పోశారని ప్లేటు పెడుతూ గుర్తుపెట్టుకుని చెప్పారు, అది మెచ్చుకోవాలి. గుడ్డు తినని ఆవిడకి నిమ్మకాయ సోర్బే దొరికింది, మిగతావాళ్లకి రెండు తిరమిసూలు.

బిల్లు నా కార్డు మీదే కట్టా. పేనౌలో (ఫోన్ నంబరుకి డబ్బు పంపే ఇక్కడి పద్ధతి) అయిదుగురు తలా 50 పంపాలి, అనుకున్న 300 పైన ఉన్న 111 డాలర్ల 26 సెంట్లు నావి. ఉదయం చూస్తే ముగ్గురివి వచ్చాయి. ఒకాయన 50 పంపి, పక్కన చేప బొమ్మ పెట్టాడు.