పొద్దున వదిలి సాయంత్రం కట్టేసే నది

హైవే ఎక్కి పది నిమిషాలు కాలేదు, కారు పైకప్పు మీద తుమ్మెద మోత మొదలైంది. స్పీడు పెంచితే పెరుగుతోంది, తగ్గిస్తే తగ్గుతోంది. ఇంజన్‌కేదో అయిందని బావ కంగారు పడ్డాడు. వెనక కారులో వస్తున్న గురువుగారు ఫోన్ చేసి పక్కకి ఆపమన్నారు. దిగొచ్చి, కయాక్‌లు (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు) కట్టిన పట్టీ ఒకటి వదులు చేసి, ఒక్క మెలిక తిప్పి మళ్లీ బిగించారు. పట్టీ చదునుగా ఉంటే గాలికి వణికి మోగుతుందట. ఆ మెలికతో మోత పోయింది. పదకొండేళ్ల అనుభవం ఉన్న మనిషితో వెళ్లడమంటే ఇదే అనుకున్నాను.

గురువుగారంటే పెద్ద వయసేం కాదు, మాకంటే నాలుగేళ్లు పెద్ద, అంతే. మేం ముగ్గురం మాత్రం కొత్తవాళ్లం. నేను, మా బావ, ప్రతిదానికీ పట్టిక రాసే మా స్నేహితుడు. అతన్ని లెక్కల మాస్టారు అని పిలుస్తాం. చలికాలమంతా స్విమ్మింగ్ పూల్‌లో రోల్ నేర్చుకున్నాం. తిరగబడిన కయాక్‌ని అందులోంచి బయటికి రాకుండానే మళ్లీ నిటారుగా చేయడాన్ని రోల్ అంటారు. ఇప్పుడు అమెరికాలో రెండు నదులు చూడాలని ప్లాన్: ముందు నార్త్ కరోలినాలోని నాంటహేలా, ఆ తర్వాత టెన్నెస్సీలోని ఒకోయీ.

నాంటహేలా అంటే చెరోకీ భాషలో మధ్యాహ్నపు సూర్యుడి నేల అని చెబుతారు. లోయ ఎంత ఇరుకంటే, ఎండ అడుగుదాకా దిగాలంటే పొద్దు నడినెత్తికి రావాల్సిందే. మేం వెళ్లింది జూలైలో. ఒడ్డున చెమటలు కారుతుంటే నీటి మీద పొగమంచు పరుచుకుని ఉంది. ఈ నీళ్లు పైనున్న జలాశయం అడుగు నుంచి పెద్ద పైపుల్లో కొండ దిగి, పవర్‌హౌస్‌లో టర్బైన్లు తిప్పి వస్తాయి. అందుకే ఎండాకాలంలో కూడా పది డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటాయి.

దిగగానే గురువుగారు మమ్మల్ని ఎడ్డీలోకి తీసుకెళ్లి, "ఇక్కడే కావాలని బోల్తా పడండి" అన్నారు. ఎడ్డీ అంటే రాయి వెనకో ఒడ్డు పక్కనో ప్రవాహం విరిగి, నీళ్లు ఎదురు తిరిగే చోటు. నదిలో ఊపిరి పీల్చుకునే అరుగు లాంటిది. సరేనని తిరగబడ్డాను. పూల్‌లో నేర్చుకున్నదంతా ఎటు పోయిందో తెలియదు. నుదుటి మీద ఎవరో మంచుగడ్డ పెట్టి నొక్కినట్టుంది. గాలి కోసం తల ముందు పైకి లేస్తుంది, అది మన చేతుల్లో ఉండదు. రోల్‌కి కావలసింది సరిగ్గా దానికి ఉల్టా. ముందు నడుము విసురుతో పడవ తిరగాలి, తల అన్నిటికంటే ఆఖరున రావాలి. రెండుసార్లు తప్పి మూడోసారికి లేచాను. బావ మొదటిసారికే లేచి, మిగతా రోజంతా ఆ సంగతి గుర్తు చేస్తూనే ఉన్నాడు.

ఎనిమిది మైళ్ల ఆ దారిలో నేర్చుకున్నది ఎక్కువగా ఎడ్డీల్లోకి వెళ్లడం, బయటికి రావడమే. ఎడ్డీ అంచు దాటేటప్పుడు సైకిల్ మలుపు తిప్పినట్టు తిరిగే వైపుకే ఒరగాలి. భయపడి రెండో వైపుకి ఒరిగితే నీరు ఆ అంచుని పట్టుకుని క్షణంలో తిప్పేస్తుంది. చివర్లో నాంటహేలా ఫాల్స్ వస్తుంది. పేరుకి జలపాతమే కానీ, కష్టాన్ని బట్టి వేసే తరగతుల్లో అది మూడో తరగతి రాపిడ్. రాపిడ్ అంటే రాళ్ల మీదుగా నీళ్లు వడిగా దూకే చోటు. ఒడ్డున రాళ్ల మీద కూర్చుని, ఎవరు పడతారా అని జనం చూస్తుంటారు. మేం నలుగురం నిటారుగానే దాటి వాళ్లని నిరాశపరిచాం.

మర్నాడు మర్ఫీ మీదుగా పడమరకి బయల్దేరాం. డక్‌టౌన్ దాటేటప్పుడు చుట్టూ పచ్చటి కొండలు. ఇవన్నీ ఒకప్పుడు ఎర్రగా బోడిగా ఉండేవని గురువుగారు చెబితే నమ్మబుద్ధి కాలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో రాగి ఖనిజాన్ని బయటే కట్టెల కుప్పల మీద కాల్చేవారట. కట్టెల కోసం అడవి పోయింది, గంధకపు పొగకి మిగిలిన గడ్డీ గాదం పోయాయి. దాదాపు యాభై చదరపు మైళ్లు బోడి అయ్యాయి. మళ్లీ చెట్లు నాటి ఈ పచ్చదనం తేవడానికి దశాబ్దాలు పట్టింది.

ఒకోయీ దగ్గరకి పొద్దున్నే చేరితే అక్కడ నది లేదు! డ్యామ్ కింద ఎండిన రాళ్లు, మధ్య మధ్య గుంటల్లో నీళ్లు. బావ నా వైపు చూశాడు. గురువుగారు అవతలి కొండ వైపు వేలు చూపించారు. కొండ నడుమున బెల్టు పెట్టినట్టు పొడవాటి చెక్క కాలువ. దాదాపు ఐదు మైళ్లు. రెండో నంబరు డ్యామ్ దగ్గర నది మొత్తాన్ని అందులోకి మళ్లించి, దిగువన పవర్‌హౌస్‌లో ఒక్కసారిగా కిందికి వదిలి కరెంటు తీస్తారు. 1910ల నుంచీ ఇదే పద్ధతి. 1976లో కాలువ పాడై మూసేస్తే నీళ్లు మళ్లీ పాత దారి పట్టాయి. అప్పుడే పడవలవాళ్లకి ఈ నది దొరికింది. 1983లో కాలువ బాగుచేసి మళ్లీ మొదలుపెట్టేసరికి, నది మాక్కావాలనే గొడవ అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్లింది. చివరికి కొన్ని రోజులు కరెంటుకి, కొన్ని రోజులు పడవలకి అని పంచుకున్నారు. ఎగువన ఇంకో భాగంలోనైతే 1996 ఒలింపిక్స్ కయాక్ పోటీలే జరిగాయి.

నీళ్లు వదలకముందే రోడ్డు పక్కన ఆగి, డబుల్ సక్ అనే రాపిడ్ ఉండే చోటు చూశాం. ఎండిన రాళ్లే కదా అనిపించింది. కాసేపటికి ఆ రాళ్ల మీదే తెల్లటి నురగ లేచి హోరెత్తింది. లోపల ఏముందో తెలిశాక ధైర్యం వస్తుందనుకున్నాను. నాకు మాత్రం టెన్షనే పెరిగింది.

ఒక కారు దిగువన వదిలి, రెండో దాంట్లో నలుగురం పైకొచ్చి, డ్యామ్ కిందే దిగాం. ఇక్కడ వేడెక్కడానికి టైమివ్వరు, దిగిన మరుక్షణమే మొదటి రాపిడ్. అది దాటాను, తర్వాతివీ దాటాను. హోల్ అంటే నీళ్లు రాయి మీంచి దూకి వెనక్కి సుళ్లు తిరిగే చోటు. డబుల్ సక్‌లో మొదటి హోల్ కూడా దాటాక, చిన్న గర్వంతో వెనక వస్తున్న బావ వైపు తిరిగి చూశాను. రెండో హోల్ నన్ను పక్కకి తిప్పి బోర్లా వేసింది. ఒకసారి ప్రయత్నించాను, తలే ముందు లేచింది. రెండోసారి నీటి వడికి తెడ్డు చేతిలోంచి జారిపోయింది. ముందుకి వంగి, స్ప్రే స్కర్ట్ (పడవలోకి నీళ్లు రాకుండా నడుము చుట్టూ బిగించే గుడ్డ) పట్టీ లాగి బయటపడ్డాను. పాదాలు దిగువకి పెట్టి వెల్లకిలా తేలుతుంటే, గురువుగారు విసిరిన తాడు సంచి ఛాతీ మీద పడింది.

"తెడ్డేదిరా?" అని అడిగాడు బావ.

"నదిలో."

నా కయాక్‌ని మాస్టారు ఒడ్డుకి తోసుకొచ్చారు. గురువుగారు తన పడవ వెనక నుంచి నాలుగు ముక్కలుగా విడదీసిన తెడ్డు తీసి బిగించి ఇచ్చారు. దాంతో మిగతా దారి నెమ్మదిగా, అందరికంటే వెనక పూర్తి చేశాను.

దిగువన కారు దగ్గరికి వచ్చాక మాస్టారు జేబులు తడుముకున్నారు. ఆ కారు తాళాలు పైన వదిలిన కారులో ఉన్నాయి. తెచ్చుకోవాల్సిన వస్తువుల పట్టిక రాసింది ఆయనే, అందులో తాళాలు మూడో వరసలో ఉన్నాయి. ఎవరి కారో ఎక్కి ఆయన పైకి వెళ్లారు. తడి బట్టల్లో మేం ముగ్గురం గంటన్నర కూర్చున్నాం.

ఆయనొచ్చాక, వదిలేసిన సామాను ఉందేమోనని అందరం ఒకసారి పైకి వెళ్లాం. అప్పటికే డ్యామ్ దగ్గర నీళ్లు కట్టేశారు. దారి పొడవునా నది తగ్గిపోతోంది, పొద్దున చూసిన రాళ్లు ఒక్కొక్కటే తేలుతున్నాయి. డబుల్ సక్ దగ్గరకి రాగానే బావ "ఆపు, ఆపు" అన్నాడు. దిగి చూస్తే, నేను బోల్తా పడిన చోటికి ఇరవై అడుగుల దిగువన, రెండు బండల సందులో నా తెడ్డు నిలువుగా ఇరుక్కుని ఉంది. నదిలోకి నడుచుకుంటూ వెళ్లి తెచ్చుకున్నాను. మోకాళ్ల దాకా కూడా నీళ్లు లేవు.