మూడేళ్లకోసారి వచ్చే పఠనం

మా విచారణలో, అంటే మా కతోలిక చర్చి పరిధిలో, ఆదివారం పూజలో బైబిల్లోంచి మొదటి పఠనం చదివేవాళ్ల జాబితాలో నా పేరు చాలా ఏళ్లుగా ఉంది. గుంటూరు జిల్లాలో చిన్న ఊరు మాది, పూజకు వచ్చేవాళ్లలో సగంమంది చుట్టాలే. శనివారం రాత్రి పఠనాన్ని పైకి చదువుకుని చూసుకోవడం నాకు అలవాటు. 2023 క్రిస్మస్ తర్వాత ఆ అలవాటే నా జబ్బును బయటపెట్టింది. దగ్గు రాకుండా ఒక్క వాక్యం చివరిదాకా వెళ్లలేకపోయేవాణ్ణి. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కొద్దిగా వెచ్చబడేది, తెల్లారేసరికి బనియను తడిసి ముద్దయ్యేది. బెల్టుకు ఇంకో బెజ్జం కొట్టించాల్సి వచ్చింది.

ఫిబ్రవరి 4 ఆదివారం యోబు గ్రంథం 7వ అధ్యాయం వచ్చింది. పడుకుంటే ఎప్పుడు లేస్తానా అనిపిస్తుందనీ, తెల్లారేదాకా పొర్లుతూనే ఉంటాననీ, కష్టాలన్నీ మీదపడ్డ యోబు మొత్తుకునే చోటు. నా బదులు ఒక డిగ్రీ అమ్మాయి చదివింది. నేను వెనక వరసలో మూతికి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని విన్నాను. ఆ పఠనంలో ఓదార్పేమీ ఉండదు. నా కళ్లు ఇక మేలు చూడవు అనేసి ఆగిపోతుంది. నాకది బాగా నచ్చింది. జనవరి 1న పిల్లలు తెచ్చిన వాగ్దానం కార్డుల్లోంచి, అంటే దేవుడి మాట ఇచ్చే బైబిలు వచనాలు అచ్చువేసినవాటిలోంచి, ఒకటి తీస్తే, నాకు ఆరోగ్యం గురించిన వచనమే వచ్చింది మరి! యోబు 7ను కార్డు మీద ఎవరూ అచ్చువేయరు. పూజ పఠనాలు అలా కాదు. ఆదివారాలకు మూడేళ్లు, మామూలు రోజులకు రెండేళ్లు తిరిగేలా 1969లో రోము ఖరారు చేసిన క్రమం అది. మనకేం కావాలో అది అడగదు, ఆ రోజు వంతు ఏదైతే అదే వినిపిస్తుంది. నా జబ్బు సంగతి దానికి తెలియదు కాబట్టే దాని మీద నాకు గురి కుదిరింది.

ఆ వారమే తెమడ పరీక్ష చేశారు. టీబీ. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి, బరువును బట్టి రోజుకు ఎన్నో చెప్పారు. ఒక్క పూట కూడా మానకూడదు. మూత్రం నారింజ రంగులో వస్తుందని ఆశా వర్కర్ ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే రక్తమే అనుకునేవాణ్ణి. పౌష్టికాహారానికని నెలకు 500 బ్యాంకులో పడేది. నవంబరులో దాన్ని 1000 చేశారు, అప్పటికి నా కోర్సు అయిపోయింది.

ఫిబ్రవరి 11 విజయవాడ గుణదల తిరునాళ్ల చివరి రోజు, లూర్దుమాత పండుగ. ఇంటిల్లిపాదీ ఏటా వెళ్తాం. ఆ ఏడు నన్నూ అమ్మనూ వదిలి మిగతావాళ్లు వెళ్లారు. ఫ్రాన్సులోని లూర్దులో మరియమాతను చూసిన పునీత బెర్నదెత్త కూడా ఉబ్బసంతో, ఎముకల టీబీతో 35 ఏళ్లకే 1879లో చనిపోయింది. కొండ ఎక్కేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పుకోరు.

ఆ రోజు మొదటి పఠనం లేవీయకాండం 13వ అధ్యాయం. కుష్ఠరోగి బట్టలు చించుకోవాలి, మూతి కప్పుకోవాలి, నేను అశుద్ధుణ్ణి అని అరవాలి, శిబిరం బయట ఒంటరిగా బతకాలి. సరిగ్గా మూడేళ్ల కిందట, 2021 ఫిబ్రవరి 14న, కోవిడ్ మాస్కుల మధ్య ఇదే పఠనాన్ని నేనే మైకులో చదివాను. గొంతు ఖంగుమందని మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు పక్కగదిలో మాస్కుతో మంచం మీద కూర్చుని ఫోన్లో చదువుకున్నాను. తలుపు దగ్గర నా కంచం, నా గ్లాసు వేరుగా పెట్టి ఉన్నాయి. టీబీ గాలి వల్ల వస్తుంది, కంచాల వల్ల కాదని ఆశా వర్కర్ ఎన్నిసార్లు చెప్పినా మా అత్త వినలేదు.

ఆ రోజు సువిశేషం, అంటే యేసు ప్రభువు కథ చెప్పే పఠనం, మార్కు 1వ అధ్యాయంలోది. ప్రభువు కుష్ఠరోగిని ముందు ముట్టుకుంటాడు, ఆ తర్వాతే మాట్లాడతాడు. దాని చివరి వచనం మీద ప్రసంగం నేనెప్పుడూ వినలేదు. బాగైనవాడు ఊరంతా చాటడంతో ప్రభువు ఊళ్లలోకి రాలేక బయట నిర్జన ప్రదేశాల్లో ఉండిపోయాడట. రోగి లోపలికి వచ్చాడు, ఆయన బయటికి వెళ్లాడు. ఆ మధ్యాహ్నమంతా అక్కడే ఆగిపోయాను.

సాయంత్రం ఫాదర్ గారు వచ్చి నా నుదుటికీ అరచేతులకూ తైలం పూశారు. అమ్మ ఒక్కసారిగా ఘొల్లుమంది, కొడుకు పోతున్నాడనుకుంది. "అమ్మా, ఇది పోయేవాళ్లకే కాదు, జబ్బుపడ్డవాళ్లకు," అని నచ్చజెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. వెళ్తూ, "బుధవారం విభూతి అని ఉపవాసం ఉండేవు, ఒద్దు బాబూ. రోజూ గుడ్లు తిను," అన్నారు.

మార్చికల్లా కీళ్ల నొప్పులు మొదలయ్యాయి. అదీ మాత్రల వల్లేనట. మోకరించడం కుదరక కూర్చునే జపమాల చెప్పేవాణ్ణి. అప్పుడే వేరే క్రైస్తవ సంఘానికి వెళ్లే మా బావ వచ్చాడు. "బావా, మాత్రల్ని నమ్ముకున్నావా, దేవుణ్ణి నమ్ముకున్నావా?" అని అడిగాడు. మాత్రలు ఆపేసి, దేవుడే బాగుచేశాడని సాక్ష్యం చెప్పినవాళ్ల కథలు వినిపించాడు. సగంలో ఆపిన టీబీ మందులకు లొంగకుండా తిరగబడుతుంది. ఈ మాట చెప్పకుండా సాక్ష్యాలు చెప్పించేవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

మార్చి 4 సోమవారం కుష్ఠు పట్టిన సేనాపతి నామాను కథ వచ్చింది. ఎలీషా ప్రవక్త బయటికి వచ్చి, ప్రార్థించి, చెయ్యి ఆడించి నయం చేస్తాడనుకుంటే, యోర్దానులో ఏడుసార్లు మునగమని కబురు పంపాడు. సేనాపతికి ఒళ్లు మండిపోయింది. ఏదైనా కష్టమైన పని చెబితే చేసేవారు కదా దొరా, మునగమంటే ఏం పోయిందని నౌకర్లే బతిమాలారు. అది బావకు ఫోన్లో చదివి వినిపించాను. మా కతోలిక బైబిల్లోని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం కూడా చదివాను, దేవుడే నేలనుంచి మందులు పుట్టించాడు, తెలివైనవాడు వాటిని తోసిపుచ్చడు అన్న చోటు. ఆ గ్రంథం తన బైబిల్లో లేదన్నాడు బావ. అంతటితో ఆ గొడవ వదిలేశాం.

పాస్కా (ఈస్టర్) తర్వాత తెమడ పరీక్షలో క్రిములు కనపడలేదు, మాత్రలు తగ్గాయి, ఒంటికి కండ పట్టింది. ఆగస్టు 4న మళ్లీ మైకు ముందుకు వెళ్లాను. నిర్గమకాండం 16వ అధ్యాయం, ఎడారిలో దేవుడు కురిపించిన ఆహారం, మన్నా గురించిన పఠనం, ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలన్నది. ఊపిరి ఎక్కడ పీల్చాలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నాను. ఆ వారంలోనే ఆఖరి మాత్ర వేసుకున్నాను. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన మచ్చ మిగిలింది, అది ఉండిపోతుందన్నారు డాక్టర్ గారు.

ఈమధ్య పంచాంగం ముందుకు తిప్పి చూశాను. 2027లో తపస్సు కాలం మొదలయ్యే విభూతి బుధవారం ఫిబ్రవరి 10నే వస్తుంది, అక్కణ్ణుంచి పఠనాలు వేరు, కాబట్టి లేవీయకాండం పఠనం వచ్చే ఆదివారం ఆ ఏడు ఉండదు. మళ్లీ 2030 ఫిబ్రవరి 17నే. జాబితా రాసే సిస్టర్ గారికి ఆ రోజుకు నా పేరు వేయమని చెప్పాను. ఆమె నవ్వి, "ముందు వచ్చే ఆదివారం సంగతి చూడండి," అన్నారు.