పాయింట్‌కట్ కుదిరేదాకా: నా అనుభవం

మా బిల్లింగ్ అప్లికేషన్‌లో డబ్బు లెక్క మార్చే ప్రతి మెథడ్‌కీ ఆడిట్ రికార్డు పడాలి. ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో తెలియాలి. అవే నాలుగు లైన్లు ప్రతిచోటా రాయడం ఇష్టం లేక స్ప్రింగ్ ఏఓపీ తీసుకున్నాను. ఇలాంటి కోడ్‌ని ఒకేచోట రాసి చాలా మెథడ్లకి తగిలించడానికి, స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ ఇచ్చే సదుపాయం అది. అలా తగిలించే కోడ్, అంటే అడ్వైస్, అరగంటలో అయిపోయింది. ఏయే మెథడ్లను పట్టుకోవాలో చెప్పే పాయింట్‌కట్‌కే వారం పట్టింది.

మొదట మెథడ్లను పేర్ల నమూనాతో పట్టే ఎగ్జిక్యూషన్ రాసి, మా ప్యాకేజీ మొత్తానికీ, పేరు ఏదైనా సరేననే స్టార్లు వేసేశాను. అప్లికేషన్ స్టార్టే కాలేదు. ఫైనల్ క్లాస్ అయిన ఒక బీన్‌కి (స్ప్రింగ్ తయారుచేసి చూసుకునే ఆబ్జెక్ట్‌కి) ప్రాక్సీ, అంటే దాని ముందు నిలబడి కాల్స్ అందుకునే ఆబ్జెక్ట్, చేయలేనంటూ ఎర్రర్. స్ప్రింగ్ వాడే సీజీలిబ్ లైబ్రరీ చేసే ప్రాక్సీ అంటే అసలు క్లాసుకి సబ్‌క్లాసే కదా, ఫైనల్ క్లాసుకి సబ్‌క్లాస్ చేయడం కుదరదు.

సరేనని సర్వీస్ ప్యాకేజీ వరకే కుదించాను. రికార్డులు పడ్డాయి, సంతోషించాను. రెండు రోజులకి టెస్టర్ వచ్చి రీఫండ్ల రికార్డు ఒక్కటీ లేదంది. గుండె ఝల్లుమంది. గంటసేపు కళ్లు కాయలు కాసేలా చూస్తే దొరికింది: సర్వీస్ అన్న మాట తర్వాత ఒకటే చుక్క పెట్టాను. స్టార్ ముందు ఒక చుక్క ఉంటే ఆ ప్యాకేజీలోని క్లాసులే వస్తాయి. రెండు చుక్కలుంటేనే దాని లోపలి ప్యాకేజీలూ వస్తాయి. రీఫండ్ క్లాసు లోపలి ప్యాకేజీలో ఉంది.

రెండో చుక్క పెట్టాక వివరాలు చదివి చూపించే మెథడ్లూ వచ్చి పడ్డాయి, రికార్డులు కుప్పలైపోయాయి. అప్పుడు పేర్ల వెంట పడటం మానేసి సొంతంగా ఆడిటబుల్ అని ఒక యానొటేషన్, అంటే కోడ్ మీద పెట్టే గుర్తు, చేశాను. కావాల్సిన మెథడ్ మీద అది పెడతాం, పాయింట్‌కట్ దాన్నే చూస్తుంది. ఏ మెథడ్ ముఖ్యమో అది రాసినవాళ్లకే బాగా తెలుసు, అందుకే నాకు ఈ పద్ధతే నచ్చింది. ఆ గుర్తు ఎప్పటిదాకా నిలవాలో చెప్పే రిటెన్షన్‌ని మాత్రం తప్పకుండా రన్‌టైమ్ అని పెట్టండి. ఏమీ పెట్టకపోతే రన్ అయ్యేటప్పుడు ఆ యానొటేషన్ కనిపించదు.

అయినా వడ్డీ మాఫీ మెథడ్ ఒకటి తప్పించుకుంది. పబ్లిక్కే, యానొటేషన్ కూడా ఉంది. బ్రేక్‌పాయింట్ పెట్టి కాల్ స్టాక్ చూస్తే, అదే క్లాసులోని ఇంకో మెథడ్ దాన్ని నేరుగా పిలుస్తోంది. బయటి నుంచి వచ్చే కాల్ గుమ్మంలో ఉన్న ప్రాక్సీని దాటాలి. ఇంట్లోవాళ్లు ఒకరినొకరు పిలుచుకుంటే గుమ్మానికేం తెలుస్తుంది? ప్రాక్సీ లేకుండా అడ్వైస్‌ని క్లాసు కోడ్‌లోనే కలిపేసే ఆస్పెక్ట్‌జే వీవింగ్ పెడితే అదీ దొరుకుతుంది. కానీ ఒక్క మెథడ్ కోసం బిల్డ్ అంతా మార్చాలనిపించలేదు. మాఫీ మెథడ్‌ని వేరే క్లాసులోకి తీసి మళ్లీ రన్ చేశాను. కన్సోల్‌లో మొదటి మాఫీ రికార్డు, చేసినవారి యూజర్ ఐడీతో సహా, పడింది.