కందిరీగ ఒంట్లో కాపురం పెట్టిన వైరస్

పరాన్నజీవి కందిరీగల గురించి ఎవరు చెప్పినా గొంగళి పురుగు ఒంట్లో గుడ్లు పెడుతుంది, పిల్లలు దాన్ని లోపల్నుంచి తింటాయి అని చెప్పి అక్కడితో ఆపేస్తారు. వినేవాళ్లు ఛీ అనుకుని వదిలేస్తారు. డార్విన్‌కి కూడా ఇది మింగుడు పడలేదు. దయగల దేవుడు ఇలాంటి కందిరీగల్ని కావాలని సృష్టించాడంటే నమ్మలేనని 1860లో అమెరికా వృక్షశాస్త్రవేత్త అసా గ్రేకి ఉత్తరం రాశాడు. నాకు మాత్రం ఆ క్రూరత్వం కంటే, అంత జరుగుతుంటే గొంగళి పురుగు ఒళ్లు ఎందుకు ఊరుకుంటోంది అన్నదే పెద్ద ప్రశ్న.

ఎందుకంటే దానికి రక్షణ లేక కాదు. బయటిది ఏదైనా ఒంట్లోకి వస్తే రక్తకణాలు చుట్టూ మూగి, పొరలు పొరలుగా అతుక్కుని, నల్లగా గట్టిపడి దాన్ని చంపేస్తాయి. కందిరీగ గుడ్డుకీ అదే గతి పట్టాలి. కానీ పట్టదు. కొటేసియా జాతి కందిరీగ సూదితో గుడ్లు ఒక్కటే దించదు, వాటితో పాటు లెక్కలేనన్ని వైరస్ కణాల్ని కూడా దించుతుంది. అవి పురుగు కణాల్లోకి దూరి అక్కడ కందిరీగ జన్యువుల్ని పని చేయిస్తాయి, దాంతో రక్తకణాలు చేతులెత్తేస్తాయి. పిల్లలు నిశ్చింతగా పెరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చి, పురుగు ఒంటిమీదే తెల్లటి గూళ్లు అల్లుకుంటాయి. చాలామంది వాటిని చూసి గుడ్లు అనుకుంటారు.

ఇక్కడే నాకు మతిపోయింది. ఆ వైరస్ బయటినుంచి అంటుకున్నది కాదు. దాదాపు 10 కోట్ల ఏళ్ల కిందట ఏదో కందిరీగకి సోకిన ఒక వైరస్, దాని క్రోమోజోముల్లో కలిసిపోయి అక్కడే ఉండిపోయింది. 2009లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు దాని మూలాలు పురుగులకి సోకే న్యూడీవైరస్‌లు అనే వైరస్‌ల గుంపులో ఉన్నాయని తేల్చారు. వైరస్ కణాన్ని తయారుచేసే జన్యువులు కందిరీగ దగ్గరే ఉంటాయి, ఆ కణంలోకి ఎక్కవు, కాబట్టి గొంగళి పురుగులోకి వెళ్లాక అది ఒక్కటి కూడా పిల్లని పెట్టలేదు. అండాశయంలో తయారై, పురుగులోకి వెళ్లి, పని చేసి, అక్కడితో సరి. దీన్ని ఇంకా వైరస్ అనాలా, కందిరీగ అవయవం అనాలా అన్నది నాకైతే తెగట్లేదు.

ఇంత మంచి ఆయుధానికీ ఒక తిరకాసు ఉంది. కందిరీగ పిల్లల మీద గుడ్లు పెట్టే కందిరీగలు కూడా ఉన్నాయి (అవును, దొంగకి దొంగ), లిసిబియా నానా అలాంటిదే. గూడు ఎక్కడుందో అది మొక్క వాసన పట్టి కనుక్కుంటుంది. పరాన్నజీవి చేరిన గొంగళి పురుగు క్యాబేజీ ఆకు కొరికితే మొక్క వదిలే వాసన, మామూలు పురుగు కొరికినప్పటి వాసన ఒకటి కాదని నెదర్లాండ్స్‌లో వాగనింగెన్ పరిశోధకులు 2012లో చూపించారు. మరి ఆ తేడా ఎవరి వల్ల? 2018లో వాళ్లే కందిరీగ పిల్లలు లేకుండా, అది పొడిచినప్పుడు దించే వైరస్, విషం మాత్రమే ఎక్కించిన పురుగుల్ని ఆకులు కొరకనిచ్చి చూశారు. అయినా లిసిబియా ఆ మొక్క వైపే మొగ్గింది! వైరస్, విషం కలిసి పురుగు లాలాజలాన్ని మార్చేస్తాయి, దాంతో మొక్క స్పందన మారిపోతుంది. పిల్లల్ని కాపాడ్డానికి ఎక్కించినదే వాటి అడ్రస్ చెప్పేస్తోందన్నమాట.

గొంగళి పురుగు వైపు నుంచి కూడా ఒక సంగతి ఉంది. ఈ వైరస్‌లు మోసుకొచ్చిన జన్యువులు కొన్ని సీతాకోకచిలుకల, రెక్కల పురుగుల జన్యువుల్లో స్థిరపడిపోయాయని 2015లో బయటపడింది. మోనార్క్ సీతాకోకచిలుకలోనూ అవి ఉన్నాయి. స్పోడోప్టెరా అనే రెక్కల పురుగుల్లో అలా చేరినవి కొన్ని బాక్యులోవైరస్ అనే ఇంకో వైరస్ నుంచి కాపాడతాయని ప్రయోగాల్లో కనిపించింది. అంటే ఎప్పుడో కందిరీగ పోటు తిన్నా బతికి బట్టకట్టిన గొంగళి పురుగులు కొన్ని ఉండి ఉండాలి, లేకపోతే ఆ జన్యువులు తర్వాతి తరాలకి అందే దారే లేదు.